‘కూర్చుంటాలేమ్మా’

మార్చి వచ్చిందంటే పావగడ తాలూకాలో పదో తరగతి పిల్లలున్న ఇళ్లన్నిటా ఒకటే గొడవ. “ఎప్పుడు కూర్చుంటావురా నాయనా?” అని అమ్మ, “కూర్చుంటాలేమ్మా” అని కొడుకు. పుస్తకం తెరిచే ఉంటుంది. పెన్ను క్యాపు తీస్తాడు, పెడతాడు. నీళ్లకు లేస్తాడు. మళ్లీ వచ్చి స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో, ఎంతో శ్రద్ధగా మార్జిన్లు గీస్తాడు. మొదటి వాక్యం మాత్రం పడదు. సోమరిపోతని మనం తేల్చేస్తాం. సోమరికి అంత ఓపికగా గీతలు గీసే అవస్థ ఎందుకు?

వాడికి ఆ పాఠమంటే బెరుకు. రేపటికి తోసేస్తే ఆ పూటకు గుండె తేలికవుతుంది, అందుకే రేపు కూడా తోస్తాడు. మనం కేకలేస్తే ఉన్న బెరుక్కి ఇంకొకటి తోడు.

మన దగ్గర ఇందులో ఇంకో చిక్కుంది. మన తాలూకా కర్ణాటకదే అయినా, చుట్టూ దాదాపుగా ఆంధ్ర సరిహద్దే. ఇంట్లో, చేన్లో, సంతలో తెలుగు. బడిలో కన్నడం. జవాబు తెలిసిన పిల్లోడే, తెలుగులో గడగడా చెప్పేవాడే, కాగితం మీద కన్నడంలో మొదలుపెట్టేసరికి ఆగిపోతాడు. కాబట్టి సాయంత్రం పక్కన కూర్చుని, “ఆ పాఠంలో ఏముందో నాకు చెప్పరా” అని తెలుగులోనే చెప్పించుకోండి. మీకు చదువు రాదని వెనకాడకండి, రాకపోతేనే మేలు. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి వాడు ముందు అర్థం చేసుకోవాలి కదా. చెప్పడం అయిన వెంటనే, లేవనీకుండా, అదే సంగతి కన్నడంలో రెండు వాక్యాలు రాయమనండి. రెండే. తప్పులు అప్పుడే ఎత్తి చూపొద్దు. రెండు పడ్డాక మూడోది చాలాసార్లు దానంతటదే వస్తుంది. రాకపోతే ఆ పూటకు చాలు.

“మూడు రోజుల్లో లెక్కలన్నీ ముగించేస్తా” అంటే నమ్మకండి. అలాగని వాడు అబద్ధమాడుతున్నాడనీ అనుకోకండి. 1994లో కెనడా పరిశోధకులు కొందరు డిగ్రీ విద్యార్థులను మీ థీసిస్ ఎన్నాళ్లలో అవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లంటే 48 పైచిలుకు చెప్పారు. తీరా పట్టింది 55. పెద్ద చదువుల వాళ్ల అంచనాలే అలా ఉంటే పదిహేనేళ్ల పిల్లోణ్ని ఏమంటాం! పోయిన వారం ఒక అభ్యాసానికి నిజంగా ఎంతసేపు పట్టిందో చూసి, మిగిలినవాటికి ఆ లెక్కే వేయించండి. రోజులు చాలవని తేలితే ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో ఇప్పుడే మేష్ట్రును అడగండి.

సబ్జెక్టుకు 20 మార్కులు, మొదటి భాషకు 25, బడిలోనే వేసేవి ఉన్నాయి. వాటికయ్యే ప్రాజెక్టు పనంతా ముందురోజు రాత్రే గుర్తొస్తుంది. అప్పటికి పల్లెలో అంగడి మూసేసి ఉంటారు, చార్టు దొరకదు. శెనక్కాయ వేసే వాళ్లకు ఇది నేను చెప్పాలా? వాన పడ్డాక విత్తనం కోసం తిరిగితే అదను పోతుందనే కదా ముందుగా కాయలు ఒలిచి పెట్టుకుంటాం.

పదో తరగతి ఎస్సెస్సెల్సీకి 2024 నుంచి ఏడాదికి ఒకటికంటే ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు. మంచి ఏర్పాటే, తప్పిన పిల్లకు ఏడాది వృథా కాదు. అయితే “మళ్లీ రాయొచ్చులే” అనే మాట మొదటి పరీక్షకు ముందే ఇంట్లో మొదలైతే పుస్తకం మూతపడినట్టే. ఆ మాట ఫలితాలొచ్చాక, అవసరమైతే, ధైర్యం కోసం చెప్పండి.

బెంగళూరులో పనికి పోయి పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలిన వాళ్లు రాత్రి ఫోన్లో “చదువుతున్నావా?” అని అడిగితే “ఊ” తప్ప ఇంకేం రాదు. “ఈరోజు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావు?” అని అడిగి చూడండి.

హాల్‌టికెట్ పావగడ గుళ్లో శనిమహాత్ముడి పాదాల దగ్గర పెట్టించాలనుకుంటే మంచిదే. కానీ శనివారం రద్దీలో పూటంతా పోతుంది. మంగళవారమో బుధవారమో వెళ్లి రండి, స్వామి ఏమీ అనుకోడు.

ఇంత చేసినా ఏదో ఒక పాఠం మిగిలిపోతుంది. చివరి రాత్రి దాన్ని తవ్వకండి. కెనడాలోనే 2010లో ఇంకో పరిశోధన అచ్చయింది. మొదటి పరీక్షకు ముందు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్ష నాటికి వాయిదాలు తగ్గించారట. “ముందే చెప్పానా?” అని మీరు దెప్పిపొడిస్తే వాడు క్షమించుకునేదెలా? ఇల్లు సద్దుమణిగేలా టీవీ ఆపి పెందలాడే పడుకోబెట్టండి. ప్రశ్నపత్రం ఇచ్చాక మొదటి పావుగంట చదువుకోవడానికే ఉంటుంది. ఆ పావుగంటలో బాగా వచ్చిన ప్రశ్నలేవో చూసుకుని వాటితోనే మొదలుపెట్టమని చెప్పండి.