గని షిఫ్టులు – ఇంటి వంట: ముందుగా సిద్ధపరచు పద్ధతి

రామగుండము, గోదావరిఖని పరిసర గ్రామములలో బొగ్గు గనుల పనికి పోవువారు లేని వాడ అరుదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు నిక్షేపములను గుర్తించెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడినది. గనులు గోదావరి తీరమునకు విస్తరించిన పిదప గోదావరిఖని పెద్ద పట్టణముగా పెరిగినది. దాని చుట్టునున్న పల్లెల దినచర్య కూడ గనుల గడియారముతో ముడివడినది.

గనిలో పని మూడు షిఫ్టులుగా సాగును. ఒకరు తెల్లవారకముందే లేచి పనికి సిద్ధపడుదురు. మరొకరు అర్ధరాత్రి సమీపించినపుడు ఇల్లు చేరుదురు. రాత్రి షిఫ్టునకు పోయినవారు ఉదయము వచ్చి నిద్రింతురు. ఇంటి ఇల్లాలు పొలము పనికో, కూలికో, ఉద్యోగమునకో పోవునట్టి కుటుంబములును పెక్కు కలవు. ఇట్టి ఇండ్లలో రెండు విధములు కనిపించును. పొయ్యి రోజునకు మూడు నాలుగు మారులు వెలుగుట ఒకటి. ఉదయము వండిన అన్నము రాత్రి వరకు గిన్నెలోనే నిలువయుండుట రెండవది. మొదటి దాని వలన స్త్రీకి విశ్రాంతి లేదు. రెండవ దాని వలన ఆరోగ్యమునకు రక్షణ లేదు.

ఈ రెండు చిక్కులకును ఒక మార్గము కలదు. తడి వంటకమును ముందుగా వండి నిలువ చేయుట కాక, వంటకు కావలసిన వానిని ముందుగా సిద్ధపరచి, తినుటకు కొంచెము ముందు వండుకొనుటయే ఆ మార్గము.

వండిన అన్నము ఎందుకు పాడగును?

బియ్యముపై కంటికి కనిపించని సూక్ష్మజీవుల బీజములు కొన్ని యుండును. అందు బాసిల్లస్ సీరియస్ అను జాతి బీజములు ఉడికించినను పూర్తిగా నశింపవు. అన్నము గోరువెచ్చగా చాలసేపు నిలిచినచో అవి మొలకెత్తి పెరిగి విషపదార్థమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కావున “మళ్లీ వేడిచేసితిమి గదా, భయములేదు” అనుకొనుట పొరపాటు. వాంతులు, విరేచనములు దీని లక్షణములు.

సాధారణముగా 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల వేడిమి సూక్ష్మజీవులు పెరుగుటకు అనుకూలము. కావుననే వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట నుంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రామగుండములో వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. అట్టి దినములలో వంటింటి గిన్నె సూక్ష్మజీవులకు పొదుగుగూడు వంటిది. ఈ ప్రాంతమునకు ఈ నియమము మరింత ముఖ్యము.

ఇంటిలో ఫ్రిజ్ ఉన్నవారు మిగిలిన పదార్థమును వెడల్పాటి పళ్లెములో పోసి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపల లోన పెట్టవలెను. తీసిన పిదప పొగలు వచ్చునంతవరకు ఒక్కసారి మాత్రమే వేడిచేయవలెను. కరెంటు చాలసేపు పోయిన రాత్రి ఫ్రిజ్‌ను నమ్మరాదు.

సద్ది నేర్పిన పాఠము

తెలంగాణ రైతు సద్ది కట్టుకొని పొలమునకు పోవుట తరతరముల అలవాటు. జొన్నరొట్టె, నువ్వుల పొడి, వేయించిన పల్లీలు, చింతపండు పులిహోర సద్దిమూటలో చేరుటకు కారణము కలదు. తేమ తక్కువగానున్న పదార్థములోను, పులుపు ఎక్కువగానున్న పదార్థములోను సూక్ష్మజీవులు సులభముగా పెరుగజాలవు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గని కార్మికులు కూరను గోధుమపిండి రొట్టెలో మూసి కాల్చిన పేస్టీలను గనిలోనికి తీసికొనిపోయెడివారు. దేశములు వేరైనను, గనిలో విప్పి తినదగిన భోజనమును సిద్ధపరచవలసిన అవసరము ఒక్కటే.

అయితే సద్ది రుచిగా, నిలువయుండునదిగా ఉన్నంతమాత్రమున చాలదు, బలకరముగను ఉండవలెను. అన్నము, పచ్చడి మాత్రమే తిన్నచో కడుపు నిండును గాని శరీరమునకు మాంసకృత్తులు చాలవు. బియ్యములో కొరతగా నున్న లైసిన్ అను పదార్థము పప్పులో కలదు. పప్పులోని కొరతను బియ్యము తీర్చును. కావున రెండింటిని కలిపి తినుట మేలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో నున్నట్లు తేలినది. ఆకుకూర పప్పుపై నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో ఆ ఇనుము తక్కువగా పట్టును. గంట సేపు ఆగి త్రాగుట మంచిది.

సెలవు దినమున చేయదగిన పనులు

వారపు సెలవునాడు రెండు గంటల కాలము వెచ్చించినచో వారమంతయు వంట సులభమగును.

1. కిచిడీ మిశ్రమము: రెండు గ్లాసుల బియ్యమునకు ఒక గ్లాసు పెసరపప్పును దోరగా వేయించి కలిపి, పూటకు సరిపడునట్లు పొట్లములు కట్టి డబ్బాలో నుంచవలెను. మిరియాలు, జీలకర్ర వేరుగా చిన్న పొట్లము కట్టవలెను. వండునపుడు మిశ్రమమును కడిగి, మునగాకో పాలకూరయో చేర్చి ప్రెషర్ కుక్కరులో పెట్టినచో అరగంటలోపు వేడి భోజనము సిద్ధమగును.

2. పొడి: పల్లీలు, నువ్వులు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయించి దంచి తడిలేని సీసాలో నుంచవలెను. ఉప్పు మితముగా వేయవలెను. పెద్దవారికి రోజంతటికి 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. పచ్చళ్లలోని ఉప్పును గూడ ఈ లెక్కలో చేర్చవలెను.

3. చింతపండు గుజ్జు: నూనె, పసుపు, ఉప్పుతో చిక్కగా ఉడికించి సీసాలో నుంచినచో పులిహోరకు, పులుసునకు పనికివచ్చును. తడి చెంచా ముంచరాదు.

4. పిండి: జొన్నలు, రాగులు శుభ్రపరచి వారమునకు సరిపడునంత గిర్నిలో పట్టించుకొనవలెను. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. బియ్యములో అది అత్యల్పము.

5. మొలకలు: పెసలను ఉదయము నానబెట్టి, సాయంకాలము తడిబట్టలో మూటకట్టినచో మరునాటికి మొలకెత్తును. వీనిని ఉడికించియే తినవలెను. ఇది మాత్రము రోజువారీ పని.

షిఫ్టును బట్టి భోజనము

ఉదయపు షిఫ్టువారికి రొట్టెలు కాల్చి, బట్టపై ఆరనిచ్చి, పిదప డబ్బాలో పెట్టవలెను. వేడిగా మూసినచో ఆవిరి నీరై రొట్టె త్వరగా పాడగును. దానికి తోడు పొడి, నీరు లేని కూర, ఉడికించిన మొలకలు, ఉల్లిగడ్డ చాలును. పులుసు కూరలను, పెరుగన్నమును ఎండకాలములో చాలసేపు మోసికొని పోరాదు. గనిలో చెమట ఎక్కువగా పట్టును గనుక త్రాగునీరు పుష్కలముగా తీసికొనిపోవలెను.

సాయంకాలపు షిఫ్టు ముగించుకొని వచ్చువారికై ఏడు గంటలకే అన్నము వండి మూసియుంచుట తగదు. వారు ఇల్లు చేరిన పిదప కిచిడీ పొట్లము విప్పి కుక్కరులో పెట్టి, స్నానము ముగించునంతలో భోజనము సిద్ధమగును. ఈ పని కొరకు ఇల్లాలు నిద్ర మానుకొని కూర్చుండ నక్కరలేదు. కొలిచి కట్టిన పొట్లమును వండుట పురుషునకు గాని, ఎదిగిన పిల్లలకు గాని కష్టము కాదు. ముందుగా సిద్ధపరచుట వలన కలుగు పెద్ద లాభము ఇదియే: వంటభారము ఇంటిలో అందరు పంచుకొన వీలగును.

రాత్రి షిఫ్టు నుండి ఉదయము వచ్చినవారికి రాగి అంబలి మేలు. పిండిని రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, ఉదయము నూకలతో ఉడికించి మజ్జిగ కలుపవలెను. కడుపు నిండును, నిద్రకు భారము కాదు.

బొగ్గు పొయ్యి విషయమున హెచ్చరిక

అన్నము చల్లారకుండుటకై బొగ్గు కుంపటిపై గిన్నెను రాత్రంతయు ఉంచు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. ఇది ప్రమాదకరము. తలుపులు మూసిన గదిలో బొగ్గు మండినపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే ప్రాణము కోల్పోవచ్చును. ఇంటి వంటకు ముడి బొగ్గును వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో స్పష్టముగా సూచించినది. పొడి పదార్థములను సిద్ధముగా నుంచుకొని అప్పటికప్పుడు గ్యాసుపై వండుకొన్నచో కుంపటి అవసరమే కలుగదు. వంటచెరకును, బొగ్గును మాత్రమే నమ్ముకొనిన పేద గృహములు వార్డులో నున్నచో, వారు ఉజ్జ్వల పథకమునకు అర్హులేమో విచారించి దరఖాస్తు చేయుటకు సభ్యులు సాయపడవలెను.

పంచాయతీ చేయదగినది

వంట ఇంటి విషయమైనను, దానికి కావలసిన సదుపాయములు పెక్కు పంచాయతీ చేతిలో కలవు.

శుభ్రమైన నీరు లేనిదే శుభ్రమైన వంట లేదు. నీళ్ల ట్యాంకును కాలానుగుణముగా కడిగించి, క్లోరిన్ కలిపించి, చివరి కుళాయి వద్ద కూడ క్లోరిన్ నిలిచియున్నదో లేదో పరీక్షింపవలెను. గిర్ని యజమానులతో మాటలాడి, షిఫ్టు కుటుంబములకు అనువైన వేళలలో తెరచియుంచునట్లు చేయవచ్చును. పంచాయతీ నర్సరీలో మునగ, కరివేప, నిమ్మ మొక్కలు పెంచి ఇంటింటికి ఇచ్చినచో ఆకుకూర కొరకు అంగడికి పోవు పని తగ్గును. గ్రామసభ సమావేశమైనపుడు అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘముల సభ్యురాండ్రు కిచిడీ పొట్లమును, పొడిని, రొట్టె సద్దిని సిద్ధపరచి చూపించినచో వినుటకంటె చూచుట వలన ఎక్కువమంది నేర్చుకొందురు. ఆ ప్రదర్శనకు స్త్రీలతోపాటు పురుషులను కూడ పిలువవలెను.

ఈ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది కొన్ని మూతలు గల డబ్బాలు, సెలవునాడు రెండు గంటల శ్రమ, ఇంటిల్లిపాది సహకారము. వార్డు సభ్యులు మొదట తమ ఇంటనే ఒక వారము ఆచరించి చూడుదురు గాక. తమ అనుభవముతో చెప్పిన మాటను గ్రామము నమ్మును. అర్ధరాత్రి ఇల్లు చేరిన కార్మికునకు వేడి భోజనము, అతని ఇల్లాలికి కంటినిండ నిద్ర లభించిననాడు ఈ ప్రయత్నము ఫలించినట్లే.