సందేహాలు - సమాధానాలు: కానుకల పెట్టె దగ్గర ఇంత భయమెందుకు?

ప్రశ్న: ఫాదర్ గారూ, మాది పాలకొండ దగ్గర పల్లె. ఇంటాయన కూలిపనికి చెన్నై వెళ్లారు. పక్కింట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లు, "సంపాదనలో పదోవంతు దేవుడికి తియ్యడం లేదు గనకే మీ పాపకు మాటిమాటికీ జ్వరం" అంటున్నారు. నేను గుడిలో పదేసి రూపాయలే వేయగలుగుతున్నాను. దేవుడి సొమ్ము తిన్నట్టవుతుందా?

సమాధానం: లేదమ్మా. పాప జ్వరానికీ మీ పది రూపాయలకూ ఏ సంబంధమూ లేదు. విశ్వాసులు గుడి అవసరాలకు తోడ్పడాలని శ్రీసభ చట్టం 222వ సూత్రం చెబుతుంది గానీ, ఇంతవంతని ఎక్కడా లెక్క కట్టలేదు. యేసు ప్రభువు మెచ్చుకున్న విధవరాలు వేసినవి రెండు చిన్న కాసులు. శాపం పేరు చెప్పి గానీ, జబ్బు తగ్గిస్తామని గానీ ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం గుమ్మం దగ్గరే ఆపేయండి. ఈ వారం ఆ పది రూపాయలూ వేయకపోయినా ఫర్వాలేదు, ముందు పాపను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ఏజెన్సీ పక్క ఊళ్లలో వచ్చిపోయే జ్వరమంటే మలేరియా సంగతి తేల్చుకోవాలి.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. మా విచారణలో కానుకలు లెక్కపెట్టే పని నాది. పండగనాటి కానుక ఆ రాత్రి లెక్కిస్తే 18,460 వచ్చింది. సోమవారం బ్యాంకులో 18,120 అన్నారు. నేనే తీశాననుకుంటారేమోనని నిద్ర పట్టడం లేదు. ఆ 340 జేబులోంచి వేసి సరిపెట్టేయనా?

సమాధానం: వద్దు బాబూ. మంచి మనసుతోనే అడిగారు గానీ, రేపెవరైనా అడిగితే ఆ సరిపెట్టిన లెక్కకు మీ దగ్గర జవాబుండదు. పండగ రాత్రి నలిగిన పదినోట్లు, చిల్లర కుప్ప, నిద్రకళ్లు... మూడొందలు అటూ ఇటూ కావడం మామూలే. తేడా ఎంతో అంతే పుస్తకంలో రాసి ఫాదర్ గారిచేత సంతకం పెట్టించండి. ఇకమీదట ఒక్కరే కూర్చోకండి. బంధుత్వం లేని ఇద్దరు గుడిలోనే లెక్కపెట్టి, చీటీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. ప్రతివారమూ తగ్గుతున్నా, కానుకల సంచి ఎవరింటికో వెళ్లి తిరిగొస్తున్నా అప్పుడు ఆలోచించాలి.

ప్రశ్న: మాది బొబ్బిలి. నేను బీకాం చదివాను. మూడేళ్లుగా మా గుడిలో జమాఖర్చులు చదవలేదు. అడిగితే ఒక పెద్దాయన, "దేవుడి ఇంటి లెక్కలు అడిగితే పాపం తగులుతుంది" అన్నారు. ఆయన మాట ఎలా ఉన్నా, మా అమ్మ భయపడిపోయి నన్ను పాపసంకీర్తనానికి వెళ్లమంటోంది. వెళ్లాలా?

సమాధానం: పాపసంకీర్తనం ఎప్పుడైనా మంచిదే, దీనికోసమైతే అక్కర్లేదు. విశ్వాసులిచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలని 1287వ సూత్రం, ప్రతి విచారణలోనూ ఫైనాన్స్ కౌన్సిల్ అనే ఆర్థిక సలహా సంఘం ఉండాలని 537వ సూత్రం చెబుతున్నాయి. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలుగారంతటివారే డబ్బు ఒంటరిగా మోయలేదు, సంఘాలు ఎంపిక చేసిన మనుషుల్ని వెంట పెట్టుకున్నారు. లెక్కలు రెండు మూడు నెలలు ఆలస్యం కావడం, టీఖర్చులకు రసీదు లేకపోవడం ఏ ఊళ్లోనైనా ఉండేదే. మూడేళ్లు మామూలు కాదు. గోడమీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే విచారణ పేరు కాక ఎవరో మనిషి పేరు వస్తుంటే అదీ మామూలు కాదు. అయితే పూజ మధ్యలో లేచి అడగకండి, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఫాదర్ గారికి ఒక కాగితం రాసివ్వండి. చివర్లో, "లెక్కలు రాయడానికి నేను సాయం చేస్తాను" అని కూడా చేర్చండి. బీకాం చదివినవాడు దొరికితే వదులుకునే ఫాదర్‌ను నేనింకా చూడలేదు.

ప్రశ్న: నెల్లిమర్ల. మా నాన్నగారికి 81 ఏళ్లు, జూట్ మిల్లు పని మానేశాక పదేళ్లుగా గుడి చందా కట్టలేదు. ఇప్పుడు మంచం పట్టారు. బాకీ తీరిస్తేగానీ సమాధుల తోటలో చోటివ్వరని ఎవరో అన్నారు. అప్పు చేయమంటారా?

సమాధానం: అప్పు చేయకండి. పేదవారికి తగిన అంత్యక్రియలు తప్పిపోకూడదని 1181వ సూత్రం ప్రత్యేకంగా చెబుతోంది. చందా గుడికి తోడ్పాటే గానీ సమాధికి అద్దె కాదు. ఎవరైనా బాకీ అడిగితే ఫాదర్ గారికి చెప్పండి, అక్కడా తెగకపోతే మేత్రాణులకు రాయండి. వాయిదా వేయకూడని పని ఒకటుంది. నాన్నగారికి తెలివి ఉండగానే ఫాదర్ గారిని పిలిచి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇప్పించండి, ఆఖరి ఘడియ కోసం ఆగనవసరం లేదు.

ప్రశ్న: వజ్రపుకొత్తూరు మండలం నుంచి. తిత్లీ తుఫానుకు మా గుడి రేకులు లేచిపోతే ఊరంతా చందాలేసుకుని కప్పు వేయించుకున్నాం. కొంత మిగిలి బ్యాంకులో ఉంది. ఇప్పుడు కమిటీవారు దానితో సౌండు బాక్సులు కొందామంటున్నారు. అడ్డు చెబితే గుడిలో గొడవవుతుంది, ఊరుకుంటే తప్పులో భాగమవుతుంది. నలిగిపోతున్నాను.

సమాధానం: మీ కమిటీవారు దొంగలు కారు, మీరు గొడవ పెట్టేవారూ కారు, ముందు ఈ రెండూ మనసులో ఉంచుకోండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ మీ మీదుగా వెళ్లాక ఉద్దానంలో కొబ్బరి చెట్లూ జీడితోటలూ నేలమీదున్నాయి. అలాంటి రోజుల్లో కప్పు కోసమని తీసిచ్చిన డబ్బది. ఫలానా పనికని ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వ సూత్రంలో ఉంది. కమిటీ తీర్మానం రాసుకున్నంత మాత్రాన అది సౌండు బాక్సుల డబ్బు అయిపోదు. ఆదివారం పూజ అయ్యాక ఇచ్చినవాళ్లందరి ముందూ విషయం పెట్టి, వాళ్లేమన్నదీ రాసి మేత్రాసన కార్యాలయానికి పంపమని ఫాదర్ గారిని అడగండి.

నా సొంత మాట ఒకటి చెబుతాను, కమిటీకి వినిపించినా ఫర్వాలేదు. మీ కప్పు పని అయిపోయిందని ఎవరన్నారు? ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. మూడూ దాదాపు ఒకే తేదీ! ఉప్పుగాలికి రేకుల బోల్టులు తుప్పుపట్టడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. నేను ఒకప్పుడు పనిచేసిన విచారణలో నేలకు మెరిసే టైల్స్ వేయించి, నిచ్చెన వేసుకుని పైకప్పు చూసిన పాపాన పోలేదు. గాలివాన వచ్చిన రాత్రి ఆ టైల్స్ మీదే బకెట్లు పెట్టుకున్నాం. ఏటా సెప్టెంబరులో బోల్టులు, హుక్కులు మార్పించడానికి ఆ మిగులు ఉంచుకుంటే ఇచ్చినవారి మాటా నిలుస్తుంది, రేకులూ నిలుస్తాయి.

ప్రశ్న: విజయనగరం. వచ్చే నెల మా అబ్బాయి పెళ్లి. జ్ఞానస్నాన పత్రం కోసం వెళ్తే 1991 పుస్తకం చెదలు తినేసిందన్నారు. వాడి జ్ఞానస్నానం చెల్లదా? పెళ్లి ఆగిపోతుందా?

సమాధానం: చెల్లుతుంది తల్లీ, చెదలు తిన్నది కాగితాన్నే. ఎవరికీ నష్టం లేనప్పుడు, కళ్లారా చూసిన నమ్మకమైన సాక్షి ఒక్కరు చెప్పినా చాలని 876వ సూత్రం అంటోంది. కాబట్టి జ్ఞానతండ్రినో జ్ఞానతల్లినో వెంటబెట్టుకుని ఈ వారమే ఫాదర్ గారి దగ్గరకు వెళ్లండి. శ్రీకాకుళం మేత్రాసనం 1993 జులై 1న ఏర్పడింది, అంతకుముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ విశాఖపట్నం మేత్రాసనంలోనివే, కనుక అక్కడ కూడా ఒకసారి అడగండి. పెళ్లికి వారం ముందు వెళ్తేనే కంగారు, నెలరోజుల వ్యవధి చాలు. విచారణల్లోని మావాళ్లకూ ఒక మాట. 1846లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని అనెసీ నుంచి వచ్చి విశాఖలో అడుగుపెట్టిన గురువుల కాలం నుంచీ పుస్తకాలు రాయడం అలవాటైన చోటు మనది. వాటిని గోడకు ఆనకుండా ఇనప బీరువాలో పెట్టి, ప్రతి పేజీకీ ఫోనులో ఫొటో తీసి ఉంచడానికి పైసా ఖర్చు కాదు.

ప్రశ్న: స్తోత్రం ఫాదర్ గోరూ. నాకు సదువు రాదు, మనవరాలి సేత రాయిస్తన్నాను. నా సేతులు వణుకుతాయి. మొన్న ఆదివారం దివ్యసత్ప్రసాదం సేతిలోంచి జారి కింద పడిపోనాది. మా ఫాదర్ గోరు వంగి తీసినారు, ఏటీ అననేదు. ఆ దినం నుంచి నాకు కూడు సయించడం నేదు. నరకానికి పోతానా?

సమాధానం: పోరమ్మా. ఈ ఉత్తరం చదవడం అయ్యాక మనవరాలిచేత అన్నం పెట్టించుకుని తినండి. పాపమంటే తెలిసి, కావాలని చేసేది. చేతులు వణకడం మీరు కావాలని చేసిందా? మీ ఫాదర్ గారు చేసిందే సరైన పద్ధతి, భక్తిగా తీయడం, అంతే. వచ్చే ఆదివారం నాలుక మీద ఇమ్మని అడగండి, ఎవరూ కాదనరు. వణుకు ఈమధ్యనే పెరిగి ఉంటే మాత్రం డాక్టరు గారికి చూపించుకోండి.

ప్రశ్న: టెక్కలి. అమెరికాలో ఉన్న మా అన్నయ్య గుడి గంటస్తంభానికి ఐదు లక్షలు పంపుతానంటున్నాడు. నా ఖాతాలో వేయించుకుని ఇద్దామనుకుంటే కేసవుతుందని భయపెట్టారు. నిజమేనా?

సమాధానం: డబ్బు ఇంకా రాలేదు కదా, భయం లేదు, సరైన సమయంలోనే అడిగారు. అన్నయ్యది ఇప్పటికీ భారత పాస్‌పోర్టే అయి, సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. నేరుగా విచారణ ఖాతాకే పంపించి రసీదు తీసుకోండి. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. మీ ఖాతా మాట మాత్రం ఇక తలపెట్టకండి. పాస్‌పోర్టు సంగతి కనుక్కుని మేత్రాసన కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: సాలూరు. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి గుడి కుండలో వేస్తాను. కొత్తపంట పండగకు తీసుకెళ్దామని మూత తీస్తే ముక్కపురుగులు! దేవుడికి పనికిరానిది ఇచ్చిన కయీనులాంటిదాన్నయ్యానా?

సమాధానం: కయీను రోజూ పొయ్యి దగ్గర నిలబడి గుప్పెడు తీసిపెట్టిన మనిషి కాదు తల్లీ, ఆయన్ని వదిలేయండి. మిజోరంలో ఆడవాళ్లు 1910 నుంచీ ఇదే పని చేస్తున్నారు. ఆ గుప్పెళ్లతోనే అక్కడి సంఘాలు ఎన్నో పనులు నడుపుకుంటున్నాయి. వాళ్ల కుండల్లోకీ పురుగు వచ్చే ఉంటుంది. నీడలో పల్చగా ఆరబోసి, చెరిగి, శుభ్రంగా తెచ్చివ్వండి. బూజు వాసన వచ్చినా, తడికి ముద్దకట్టినా మనుషులకు పెట్టొద్దు. ఈసారి కుండలో నాలుగు ఎండు వేపాకులు వేయండి, పండగ దాకా ఆగకుండా నెలకోసారి గుడికి చేర్చేయండి.