ఆటకెళ్తే అటెండెన్స్ పోతుందా?
సందేహాలు - సమాధానాలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వైపు నుంచే వచ్చాయి. ఆటగాళ్లు ఆట గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. ఆడితే ఏం పోతుంది, ఏం వస్తుంది అనే అడిగారు. ఆ భయం నాకూ తెలుసు, అందుకే ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: మాది చర్ల. భద్రాచలంలో డిగ్రీ రెండో సంవత్సరం. కాకతీయ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ సెలెక్షన్స్‌కు పేరిచ్చాను. సెలెక్ట్ అయితే క్యాంపు, టోర్నమెంటు కలిపి ఇరవై రోజులు క్లాసులు పోతాయట. డెబ్భై ఐదు శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఖర్చులు ఎవరు పెట్టుకోవాలి?

జవాబు: యూనివర్సిటీ జట్టుకు ఆడటానికి వెళ్లడం క్లాసు ఎగ్గొట్టడం కాదు బాబూ. ఆ రోజులకు ఓడీ, అంటే ఆన్ డ్యూటీ, అడగాలి. జట్టులో నీ పేరున్న యూనివర్సిటీ ఉత్తర్వు కాపీ తీసుకో. దానికి ఒక దరఖాస్తు జతచేసి, బయల్దేరక ముందే ప్రిన్సిపాల్‌కి ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. ఒక కాపీ స్కాలర్‌షిప్ పని చూసే గుమస్తాకీ ఇవ్వు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లెక్చరర్‌కి నోటిమాటగా చెప్పి వెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి రిజిస్టరులో వరుసగా ఆబ్సెంట్లు పడి ఉంటాయి. ఆ తేదీల్లో ఇంటర్నల్ పరీక్ష ఉంటే అదీ ముందుగానే రాసిపెట్టు.

ఖర్చు సంగతికొస్తే, జట్టుగా వెళ్లాక ప్రయాణం, భోజనం యూనివర్సిటీ చూసుకోవాలి. నీకు అసలు బరువు సెలెక్షన్స్‌కు వెళ్లిరావడమే. చర్ల నుంచి భద్రాచలానికే దాదాపు అరవై కిలోమీటర్లు. ‘భద్రాచలం రోడ్’ స్టేషనేమో పేరుకే భద్రాచలం, ఉన్నది కొత్తగూడెంలో, అంటే ఇంకో నలభై. వరంగల్ చేరేలోపే జేబు ఖాళీ. అడ్మిషన్ రసీదు ఒకసారి తీసి చూడు. అందులో గేమ్స్ ఫీజు కట్టించుకుని ఉంటే, ఆ పద్దు నీలాంటివాళ్ల కోసమే. టికెట్లు పారేయకుండా దాచి, టీఏ డీఏ, అంటే ప్రయాణ, రోజువారీ భత్యాల కోసం పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారు సంతకంతో బిల్లు పెట్టు. దీనికి మొహమాటం అక్కర్లేదు.

టోర్నమెంటు వరస కూడా తెలుసుకో. ముందు సౌత్ జోన్ ఆడతారు. అక్కడ మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు ఆలిండియాకు వెళ్తాయి. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కు దారి అక్కడి నుంచే.

ప్రశ్న: మా ఊరు ఎటపాక. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రలోకి వెళ్లింది. చదివేది భద్రాచలంలో. నేను ఏ యూనివర్సిటీకి ఆడాలి?

జవాబు: చదువుతున్న యూనివర్సిటీకే. ఇక్కడ ఊరు చూడరు, అడ్మిషన్ చూస్తారు. రెగ్యులర్ కోర్సు అయి ఉండాలి, వయసు ఇరవై ఐదు దాటకూడదు, ఫుల్ టైమ్ ఉద్యోగం చేస్తూ ఉండకూడదు. ఒకే విద్యాసంవత్సరంలో రెండు యూనివర్సిటీలకు ఆడటం కుదరదు.

ప్రశ్న: మూడేళ్లు ఇంటర్ కాలేజ్, ఒక ఏడాది ఇంటర్ యూనివర్సిటీ ఆడాను. ఇంట్లో ఫైలు నిండా సర్టిఫికెట్లున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం స్పోర్ట్స్ కోటాకు పెడితే ‘ఫారం సరిగా లేదు’ అని తిప్పికొట్టారు. నా తప్పేంటి?

జవాబు: ఆటలో నీ తప్పేమీ లేదు, కాగితంలో ఉంది. ఇలాంటి ఉత్తరం చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

కేంద్ర ప్రభుత్వం క్రీడాకారులను గ్రూప్ సీ ఉద్యోగాల్లోకి తీసుకోవచ్చు. అందుకు చెల్లే ఆటల జాబితాలో బాస్కెట్‌బాల్ ఉంది. కానీ ఏ స్థాయిలో ఆడావన్నదాన్ని బట్టి ఒక్కో ఫారం ఉంటుంది. దేశానికి ఆడితే ఫారం 1. జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం 2. ఇంటర్ యూనివర్సిటీలో యూనివర్సిటీకి ఆడితే ఫారం 3. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టుకు ఆడితే ఫారం 4. ఇంటర్ కాలేజ్ సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా ఈ లెక్కలోకి రావు. నీకు పనికొచ్చేది ఆ ఒక్క ఏడాది ఇంటర్ యూనివర్సిటీయే.

అక్కడా ఒక మెలిక ఉంది. టోర్నమెంటులో చేతికిచ్చిన రంగుల సర్టిఫికెట్టు ఫారం 3 కాదు. ఫారం 3ని నీ యూనివర్సిటీలో క్రీడల మొత్తానికి బాధ్యత వహించే అధికారి, అంటే డీన్ లేదా ఆ స్థాయివాళ్లు, నిర్ణీత నమూనాలో సంతకం చేసి ఇవ్వాలి. వరంగల్ వెళ్లి అడుగు. టోర్నమెంటు పేరు, జరిగిన ఊరు, తేదీలు, వచ్చిన స్థానం అన్నీ నిండి ఉండాలి. కొట్టివేతలు ఉండకూడదు.

పేరు మరీ ముఖ్యం. మన ఏజెన్సీ పిల్లల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, ఆధార్‌లో పొడి అక్షరం, ఆటల ఎంట్రీ ఫారంలో అసలు ఇంటిపేరే ఉండదు. హడావుడిగా బస్సులో కూర్చుని నింపిన ఎంట్రీ ఫారమే తర్వాత సర్టిఫికెట్టవుతుంది. మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించాలి. సీలు సంగతీ అంతే. నేను ఆడే రోజుల్లో మా జట్టులో అందరికంటే పొడగరి ఒకడుండేవాడు, రింగు కింద వాడిని దాటడం ఎవరివల్లా అయ్యేది కాదు. వాడి సర్టిఫికెట్టు మీద సీలు పడలేదు. ఉద్యోగానికి పిలుపు వచ్చాక ఆ సీలు కోసం ఒక ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగాడు. సీలు పడేసరికి గడువు దాటింది. ఇప్పటికీ కలిస్తే ఆటల మాట ఎత్తడు. నువ్వు మాత్రం ఫారం 3 రెండు ఒరిజినల్స్ అడిగి తీసుకో.

తెలంగాణ రాష్ట్ర ఉద్యోగాల్లోనూ క్రీడాకారులకు రెండు శాతం ఉంది. ఏ స్థాయి ఆట చెల్లుతుందో ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. తమిళనాడు పంపాలి. ఇంతవరకు ఖమ్మం కూడా దాటలేదు. పంపమంటారా అయ్యగారూ?

జవాబు: పంపండి అన్నా. జట్టుతో వెళ్లే మహిళా మేనేజర్ ఎవరు, ఆమె ఫోన్ నంబరు ఏది, బస ఎక్కడ, తిరుగు రైలు ఏది, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి. అడగడం మీ హక్కు. ఆ తర్వాత మాత్రం దిగులు పడకండి. పన్నెండు మంది జట్టులో చోటు తెచ్చుకున్న పిల్ల తన సంగతి తాను చూసుకోగలదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ ఫోన్ చేసి, అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ పిల్లలకు కోట్లు ఇస్తున్నారంటున్నాడు. నిజమా? మనకెందుకు లేదు?

జవాబు: నిజమే, కానీ నిన్నమొన్నటి నిజం. అక్కడ మార్చిలో అరవై ఎనిమిది కాలేజీ జట్లు ఆడే టోర్నమెంటుకు టీవీ హక్కుల మీదే ఏటా వంద కోట్ల డాలర్ల స్థాయిలో ఆదాయం వస్తుంది. అయినా దశాబ్దాల పాటు ఆటగాడికి ఫీజు, బస, భోజనం, పుస్తకాలు మించి ఏదీ ఇవ్వకూడదన్నదే నియమం. 2014లో కనెక్టికట్ జట్టును గెలిపించిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకున్నానని విలేకరుల ముందు చెప్పాడు. ఆ నెలలోనే భోజనం మీద పరిమితి ఎత్తేశారు. ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా వాళ్లవైపు తీర్పిచ్చారు. అదే ఏడాది జూలై 1 నుంచి తమ పేరు, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకోనిచ్చారు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన మన పిల్లలకు మాత్రం పని నిబంధనలు అడ్డు, ఆ డబ్బు అంత సులువుగా అందదు.

మన ఇంటర్ యూనివర్సిటీకి టీవీ డబ్బు లేదు. ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైనవాళ్లకు నెలకు పదివేల చేతిఖర్చు ఉంది, అది కొందరికే. అందుకే ఓడీ, టీఏ డీఏ, ఫారం 3 అంటూ ఇన్నిసార్లు చెబుతున్నాను. మనకున్న లాభాలు అవే, వాటినీ వదులుకుంటే ఎలా?

ప్రశ్న: హాస్టల్లో ఉంటాను. ప్రాక్టీసు అయ్యేసరికి ఏడున్నర దాటుతుంది. మెస్ కట్టేస్తారు. బిస్కెట్లు తిని పడుకుంటున్నాం. ఎవరికి చెప్పాలి?

జవాబు: నేపియర్ మాట చదివినప్పుడు నాకు మీలాంటి పిల్లలే గుర్తొచ్చారు. ముందు వార్డెన్‌కే చెప్పండి, నోటితో కాదు, కాగితం మీద. ప్రాక్టీసు రోజులు, వేళలు, ఆడేవాళ్ల పేర్లు రాసి పీడీ సారు చేత సంతకం పెట్టించండి. భోజనం అదనంగా అడగడం లేదని, మీ వంతు అన్నం, కూర, గుడ్డు మూతపెట్టి ఎనిమిది దాకా ఉంచమంటున్నారని స్పష్టంగా రాయండి. వారంలో మార్పు రాకపోతే అదే కాగితం కాపీతో భద్రాచలం ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) సోమవారం గిరిజన దర్బార్‌కు వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, జట్టంతా వెళ్లండి. ఈ లోపు గ్రౌండ్‌కు వెళ్లేటప్పుడు ఉడికించిన పల్లీలో, రెండు అరటిపళ్లో సంచిలో వేసుకోండి. ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.