పట్టు పొర – లోపలి అమరిక

పట్టు అనగానే అందరికీ ధర్మవరం, పోచంపల్లి చీరలు గుర్తుకు వస్తాయి. మాలో కొందరి ఇళ్లలో పట్టుపురుగులు పెంచుతారు. మాకైతే మల్బరీ ఆకు, చంద్రికలు, హిందూపురం గూళ్ల మార్కెట్టు ముందుగా గుర్తుకు వస్తాయి. అదే పట్టుతో శాస్త్రవేత్తలు పలుచని పొరలు కూడా తయారు చేస్తున్నారు. ఆ పొర నిర్మాణం ఎలా ఉంటుందో తెలుసుకుందాం.

గూటి దారాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే అది ఒక్క పోగు కాదు, జంట పోగులు అని తెలుస్తుంది. ఈ పోగులు ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడతాయి. వాటిని అతికించే జిగురు సెరిసిన్ అనే మరో ప్రోటీన్. దారం బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఫైబ్రోయినే.

ఫైబ్రోయిన్ అణువు ఒక పొడవైన గొలుసు. అందులో గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే చిన్న అమైనో ఆమ్లాలు పదే పదే వస్తాయి. అవి చిన్నవి కనుక గొలుసులు దగ్గరగా చేరి, హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకొని మడతల పలకలుగా పేరుకుంటాయి. వీటినే బీటా పలకలు అంటారు. మార్ష్, కోరీ, పౌలింగ్ 1955లో ఎక్స్-కిరణాల సహాయంతో ఈ నిర్మాణాన్ని వివరించారు. పలకల వల్ల పట్టుకు బలం, వాటి మధ్య ఉండే క్రమం లేని భాగాల వల్ల సాగే గుణం వస్తాయి.

ఇక పొర తయారీ చూద్దాం. గూళ్లను కోసి, లోపలి పురుగును తీసివేసి, సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో మరిగిస్తే సెరిసిన్ పోతుంది. మిగిలిన ఫైబ్రోయిన్‌ను గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో కరిగిస్తారు. తరువాత లవణాన్ని వేరుచేసి, ద్రావణాన్ని పళ్లెంలో పోసి ఆరబెడతారు. గాజులాంటి పారదర్శకమైన పొర వస్తుంది.

ఇక్కడే వింత ఉంది. అలా ఆరిన పొరను నీటిలో వేస్తే చాలావరకు కరిగిపోతుంది. ముందుగా మిథనాల్‌లో ముంచి తీస్తే కరగదు! ప్రోటీన్ అదే. గొలుసుల అమరిక మాత్రమే మారింది. చిందరవందరగా ఉన్నవి బీటా పలకలుగా సర్దుకున్నాయి. ఈ పలకల పరిమాణం కొన్ని నానోమీటర్లే కనుక అవి మన పాఠశాల సూక్ష్మదర్శినికి అందవు.

ద్రావణాన్ని గడ్డకట్టించి ఆరబెడితే స్పంజిలా రంధ్రాలున్న పదార్థం వస్తుంది. ఆ రంధ్రాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడవచ్చు. వాటిలో జీవకణాలు పెరగగలవు. అందుకే గాయాలు మాన్పడానికి పట్టును వాడే విషయమై పరిశోధనలు జరుగుతున్నాయి.

చిల్లుపడిన గూటి నుండి తెగకుండా దారం తీయలేం కనుక రైతుకు దానికి తక్కువ ధరే వస్తుంది. పొరకు మాత్రం తెగని దారంతో పనిలేదు, ఎలాగూ కరిగించేదే. అందులోని ఫైబ్రోయిన్ మంచి గూటిలోని ఫైబ్రోయిన్ లాంటిదే. మన అమ్మానాన్నలు పక్కన ఏరిపెట్టే ఆ గూళ్లకు విలువ తెచ్చే చదువు ఇదే. మిత్రులారా, ఆ చదువు మనలోనే కొందరు చదవాలని మా కోరిక.