పాత ఫోన్ల డబ్బా

కిరణ్,

ఖమ్మంలో నీ షాపు ఓపెనింగుకు రాలేకపోయాను, ఏమీ అనుకోకు. కొత్త ఫోన్లు ఎలా అమ్మాలో నీకు నేను చెప్పక్కర్లేదు. పాతవి ఎలా తీసుకోవాలో మాత్రం చెబుతాను.

ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన మంచి ఫోన్‌తో బెంగ లేదు, దానికి గిరాకీ ఉంటుంది. చిక్కంతా బోర్డు పోయినవాటితో, "నువ్వే ఉంచుకో బాబూ" అని జనం వదిలేసి పోయేవాటితో. సొరుగు నిండగానే పాతసామాన్లవాడు వచ్చి కిలో లెక్కన రేటు చెబుతాడు. అలా చేతులు మారిన బోర్డులు చివరికి ఢిల్లీ సీలంపూర్, ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్ లాంటి చోట్లకు చేరుతుంటాయి. అక్కడ రాగి కోసం కాలుస్తారు, బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. చాలామంది చేతులకు గ్లవుజులు కూడా ఉండవు.

చట్టం ఏమంటుందని అడుగుతావు. 2016 ఈ-వ్యర్థాల నిబంధనల్లో డీలర్ ప్రస్తావన ఉండేది: కంపెనీ ఆ పని అప్పగిస్తే షాపులో డబ్బా పెట్టి పాతవి తీసుకోవాలి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు చేర్చాలి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు ఎక్కువ భారం కంపెనీల మీద మోపాయి. రీసైక్లింగ్ లక్ష్యం తొలి రెండేళ్లు 60 శాతం, తర్వాతి రెండేళ్లు 70, ఆపైన 80. అందులో డీలర్‌కు విడిగా బాధ్యతలేమీ లేవు. సూక్ష్మ సంస్థలకైతే అవి వర్తించవు కూడా. "ఇంక మనకేం?" అనేవాళ్లు నీ వరసలోనే ఉంటారు. నాకు మాత్రం ఇదేం లెక్కో అర్థం కాదు. చెడిపోయిన ఫోన్ పట్టుకుని కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ ఎవరు పోతారు? జనం ఎక్కేది నీ షాపు మెట్లే.

అందుకని తలుపు పక్కన, అందరికీ కనపడేలా, ఒక డబ్బా పెట్టు. ఎక్కడ కొన్నదైనా సరే, పైసా అడక్కుండా తీసుకో. కస్టమర్ ఎదుటే సిమ్ము, మెమొరీ కార్డు తీసి వాళ్ల చేతిలో పెట్టు. ఫోన్ ఆన్ అయితే గూగుల్ అకౌంట్ తీయించి రీసెట్ కొట్టించు. ఆన్ కాని ఫోన్‌లోనూ వాళ్ల ఫోటోలుంటాయి. కాబట్టి డబ్బాకు తాళం ఉండాలి, మెకానిక్ కుర్రాడు స్పేర్ల కోసం అందులో చెయ్యి పెట్టకూడదు.

బ్యాటరీ ఉబ్బినవి వేరు. వెనక మూత లేచిందంటే అనుమానించాల్సిందే. సూదితో పొడిచి గాలి తీసే మొనగాళ్లను చూశాను. నీ షాపులో ఆ పని చేయనివ్వకు, మంటలు లేస్తాయి. ఛార్జింగ్ పెట్టొద్దు, మిగతావాటితో కలపొద్దు. ఇసుక పోసిన ఇనప డబ్బాలో, ఎండ తగలని చోట విడిగా ఉంచు.

రీసైక్లర్ ఎవరో కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో చూసుకో. ఒక్క షాపు సరుకు కోసం బండి పంపమంటే పంపకపోవచ్చు, నాలుగైదు షాపులవాళ్లు కలవండి. బరువు రాసిన రశీదు అడిగి తీసుకో. పాతసామాన్లవాడి రేటు అక్కడ రాదు, ఒక్కోసారి అసలేమీ రాదు. దాన్ని కరెంటు బిల్లులా షాపు ఖర్చుల్లో రాసేసుకో.

అన్నయ్యను, వదినను అడిగానని చెప్పు. మీ పిన్ని దగ్గర రెండు చచ్చిన ఫోన్లున్నాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తాం.

మీ బాబాయి