సోమనాథుని పుటలలో పదాన్వేషణము



మన దంతాలపల్లి ప్రాంతమునకు పాలకుర్తి దూరము కాదు. పాలకురికి సోమనాథుని ఊరుగా ఆ గ్రామము ప్రసిద్ధి గాంచినది. సోమనాథుడు బసవేశ్వరుని చరిత్రను, శివభక్తుల కథలను దేశిచ్ఛందస్సు అయిన ద్విపదలో 'బసవపురాణము'గా రచించెను. తాళపత్రములలో నిలిచిన ఆ కావ్యమును 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో ప్రకటించిరి. ఆ కాలమున ఒక పదము కావ్యములో ఎచ్చటెచ్చట ప్రయుక్తమైనదో తెలియవలెనన్న, గ్రంథమంతయు చదివి చీటీలపై వ్రాసికొనుటయే మార్గము. నేడు కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి పదమును టైపు చేసిన క్షణములో సమాధానము కోరుచున్నాడు. ఈ మార్పు వలన మన చదువునకు కలిగిన లాభమెంత? దానికి కావలసిన జాగ్రత్త యేమి? ఇదియే నేటి పాఠము.

ఈ పని పాశ్చాత్య దేశములలో ఎట్లు మొదలైనదో తొలుత చూతము. 1949లో రోబెర్తో బూసా అను ఇటలీ దేశపు క్రైస్తవ మతాచార్యుడు, థామస్ అక్వినాస్ రచనలలోని పదములన్నింటికి సూచిక సిద్ధము చేయుటకై ఐ.బి.ఎం. సంస్థ సహాయము కోరెను. ఆ పదములు కోటికి పైబడినవి. రంధ్రముల కార్డులతో ఆరంభమైన ఆ కార్యము ముద్రితమగునప్పటికి 56 సంపుటములైనది. అందు యంత్రము పదములను వేరుచేసి వరుసలో పెట్టగలిగెను. కాని, ఏ రూపము ఏ మూలపదమునకు చెందునో నిర్ణయించినవారు లాటిను భాష నేర్చిన మనుష్యులే.

మన దేశమున 2000 తరువాతి సంవత్సరములలో 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' పేరిట వేలకొలది పాత గ్రంథములు ఛాయాచిత్రములుగా మారినవి. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డిగారు ఆ ప్రయత్నమునకు ముఖ్య ప్రేరకులలో ఒకరు. ఆ పుస్తకములలో పెక్కు ఇప్పుడు 'ఇంటర్నెట్ ఆర్కైవు'లో లభించుచున్నవి. కన్నడమున 'వచన సంచయ' అను భాండాగారము ఇరువది వేలకు పైగా శరణుల వచనములను పదముల వారీగా వెదకుటకు వీలు కల్పించినది. పట్టణమునకు పోయి గ్రంథాలయము తలుపు తట్టలేని పల్లెటూరి విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

అయితే, ఛాయాచిత్రము వేరు, పాఠము వేరు. పుట చిత్రములో అక్షరములు మన కంటికి కనబడును గాని యంత్రమునకు అది చుక్కల సముదాయము మాత్రమే. అక్షరములను గుర్తించి పాఠముగా మార్చిన పిమ్మటనే వెదకుటకు వీలగును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటములోనే తెలుగు లిపికి స్థానము లభించినది. ఆ పద్ధతిని అనుసరింపని పాత ఫాంట్లలో కూర్చిన పాఠము కంటికి చక్కగా కనబడినను వెదకునప్పుడు దొరకదు.

పాఠము సిద్ధమైన తరువాత కూడ తెలుగునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. 'ధనము' అని వెదకినచో 'ధనంబు', 'ధనమ్ము' తప్పిపోవును. 'బసవన్న' అని వెదకినవానికి 'బసవఁడు' కనబడడు. 'కలువలు' అని వెదకినచో 'పూచెఁ గలువలు' అనుచోట ఆ పదము చిక్కదు. ద్రుతము మీది పరుషము సరళమగునని మనము బాలవ్యాకరణములో చదువుకొన్నాము. ఆ సూత్రము తెలియనివాడు 'కావ్యములో ఈ పదమే లేదు' అని తీర్పు చెప్పును. ఆ తీర్పు ఎంత ప్రమాదకరమో యోచింపుడు!

మరియొక ఉదాహరణము. 'పలికె' అను క్రియ 'అతనితోఁ బలికె' అనుచోట 'బలికె' అగును. 'వాఁడు వలికె' అనుచోట గసడదవాదేశము చేత 'వలికె' అగును. కావున పండితుడు మూడు రూపములను వెదకవలెను. ఇంతలో యంత్రము తెచ్చు చిక్కు వేరొకటి ఉన్నది. పాత అచ్చులో తలకట్టు అంటినదో విడినదో తేలనప్పుడు అది 'ప'కారమును 'వ'కారముగా చదువును. అప్పుడు మన ముందున్న 'వలికె' సోమనాథుడు వ్రాసినదా, యంత్రము పొరబడినదా? ఛందస్సు ఈ సందేహమును తీర్చదు. 'ప', 'వ' రెండును లఘువులే. దాని ముందున్న పదమేమో పరికింపవలెను. పిమ్మట అచ్చుపుటను తెరచి చూడవలెను.

ఇతర స్థలములలో ఛందస్సు మనకు మంచి కాపరి. ద్విపద పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. యంత్రము ఒక దీర్ఘమును జారవిడిచినచో గణము చెడును. రెండవ అక్షరమును తప్పుగా చదివినచో ప్రాస చెడును. గణవిభజన చేసి చూపు సాధనములు నేడు లభించుచున్నవి. ఐనను సోమనాథుడు ప్రాస విషయమున స్వేచ్ఛ వహించిన కవి. చెడినట్లు తోచిన ప్రాసనెల్ల దిద్దబోయినచో కవినే దిద్దినవారమగుదుము.

ఇక పఠనమును గూర్చి ఒక మాట. అన్వేషణము మనకు పాదమును చూపును, కథను చూపదు. ఒక భక్తుని నోట వెలువడిన నిష్ఠురోక్తిని ఆ ఘట్టమునుండి తెంచి చదివినచో అర్థము తలక్రిందులగును. పదము దొరికిన చోట ఆగక, ఆ కథను మొదటినుండి తుదివరకు చదువుట విద్యార్థి ధర్మము.

'యంత్రము వచ్చినది గదా, ఇక సంధులు, గణములు పిల్లలకెందుకు?' అని కొందరు అడుగుచున్నారు. పై ఉదాహరణములే వారికి సమాధానము. వ్యాకరణము నేర్చినవానికి ఈ సాధనము వేయి కన్నులనిచ్చును. నేర్వనివానికి ఉన్నదానిని కూడ లేనిదిగా చూపును. తెలుగు వికీసోర్సులో పుట చిత్రమును, టైపు చేసిన పాఠమును ప్రక్కప్రక్కన ఉంచి దోషములు దిద్దు అవకాశము అందరికిని కలదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉన్నత పాఠశాల విద్యార్థులు కలిసి దినమునకు ఒక పుట దిద్దినను అది భాషకు చేసిన సేవయే యగును.

అభ్యాసము:
1. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు – ఈ సమాసములలోని రెండవ పదములను విడిగా వెదకినచో ఏల దొరకవు? సంధి విడదీసి చెప్పుడు.
2. మీకు నచ్చిన ద్విపదలో ఒక దీర్ఘమును హ్రస్వము చేసి, గణమెట్లు మారునో గుర్తింపుడు.
3. ఒక పాత పుస్తకపు పుటను యంత్రము చదివిన పాఠముతో పోల్చి, తారుమారైన అక్షరముల పట్టిక వ్రాయుడు.