పాత మోటారుకారునకు నికెల్ పూత

పాత మోటారుకారు ఇత్తడి భాగములు వెలవెలబోయినపుడు వానికి మనము ఇంటనే నికెల్ పూత పెట్టుకొనవచ్చును. ముందుగా చిలుమును, జిడ్డును నిశ్శేషముగ తొలగింపవలెను. మలినముపై పెట్టిన పూత పెచ్చులుగ నూడును. పిమ్మట భాగమును బ్యాటరీ ఋణధ్రువమునకును, నికెల్ రేకును ధనధ్రువమునకును తగిల్చి, నికెల్ లవణద్రావణమున ముంచవలెను. రేకు క్రమముగ కరగి, లోహము భాగముపై పేరుకొనును. అట్లు పేరుకొను లోహము ప్రవహించిన విద్యుత్తునకు అనులోమముగ నుండునని ఫారడే 1834లో ప్రకటించెను. ప్రవాహము మితిమీరినచో పూత నల్లబడును.

క్రోమియపు పూత మాత్రము ఇంట తలపెట్టరాదు, క్రోమికామ్లము ఘోరవిషము. నికెల్ ద్రావణమును సైతము చేతితొడుగులు లేక ముట్టరాదు. కాలువలో పాఱబోయక, సీసాలో భద్రపఱచి మరల వాడుకొనవలెను. మన చింతలపూడి చెంత పాఱు తమ్మిలేరు కొల్లేటిలోనే కలియును గదా! ఒక కారునకు మెఱుగు పెట్టబోయి ఒక సరస్సును మలినము చేయుట విద్య యనిపించుకొనదు.